మూడు మిల్లీమీటర్ల నది

షార్జా, పదో నంబరు ఇండస్ట్రియల్ ఏరియా.
రాత్రి డ్యూటీ.
ఈ వారమంతా నా కత్తి కింద ఒక నది.

గారోన్ అంట పేరు.
వర్గీస్ సారు రెండుసార్లు పలికి ఇడిసిపెట్టిండు.
ఎనిమిది పగళ్లు, ఏడు రాత్రులు,
తెల్లటి పడవ, పడవ నెత్తిన ఈతకొలను
(నది మీద పోతూ ఈదడానికి వేరే నీళ్లు!)
ఒడ్డుపొంటి దువ్వి జడలేసినట్టు ద్రాక్షతోటలు,
దిగినకాడల్లా ఒక కోట, కోట కింద చీకటి, చీకట్ల పీపాలు.
మనిషికి ఇరవై రెండు వేల దిర్హాములు,
అదీ జంటగా వస్తే.
ఎన్ని నెలల జీతమో నేను లెక్క కట్టలే.
ఐలయ్య కట్టిండు. వద్దన్నా చెప్పిండు.

అచ్చులో ఏ బొమ్మకైనా
కోతగీత అవతల మూడు మిల్లీమీటర్లు ఎక్కువ పోస్తరు,
అంచున తెల్లకాగితం తొంగిచూడకుండ.
కోసెయ్యడానికే పుట్టిన నది అది.
తెల్లారేసరికి నా కాళ్లకాడ
మోకాలెత్తు నీలం పీలికలు.

ఈ కత్తికి ఒక నీతుంది:
రెండు చేతులు రెండు బొత్తాల మీదుంటేనే దిగుతది.
తాడెక్కినప్పుడు అట్ల కాదు.
మోకు నడుముకు, గుజి కాళ్లకు,
ఒక చెయ్యి చెట్టుకిచ్చి ఒక చెయ్యి కత్తికిచ్చేటోణ్ని.
గొల కొసన కాగితమంత పలచటి కోత.
జర లోతుకు పోతే చెట్టు అలుగుతది,
ఒక పూట తప్పితే లొట్టి ఎండుతది.
పన్నెండేండ్లు గీసిన.
వెంచరోళ్లు తాళ్లను కూల్చి ప్లాట్లకు రాళ్లు పాతినంక
ఈ కోతకొచ్చిన.

పేజీ నాలుగుల రాసిండ్రు, సారు చదివి చెప్పిండు:
పది అడుగులు జరిగితే మట్టి మారుతదంట,
మట్టి మారితే గ్లాసుల రుచి మారుతదంట.
అదేదో గుప్తనిధి దొరికినట్టు!
గుట్ట కింది పోతుతాడు పొద్దుగూకంగనే పులుపెక్కేది,
వాగొడ్డు పండుతాడు తెల్లారంగ తేనె.
మొండయ్య తాత కండ్లు మూసుకొని ఒక్క గుక్క తాగి
ఏ చెట్టుదో చెప్పేటోడు.
తాతను ఎవ్వలు కోటల నిలబెట్టి చప్పట్లు కొట్టలే.
పైసలు రేపిస్త అని లేచిపోయేటోడు.

కుడిదిక్కు నుంచి తెరిచే అరబ్బీ పుస్తకంల
అదే బల్ల, అదే దీపం, అదే అమ్మ నవ్వు.
చేతిల గ్లాసు మాత్రం లేదు.
గ్లాసున్నకాడ ద్రాక్షగుత్తి.
కంప్యూటరు మీది జోసెలిన్ గ్లాసును మంచిగనే చెరిపింది,
దాని నీడను మరిచింది.
బల్లగుడ్డ మీద ఎర్రగ,
ఎవరిదో తెలువని నీడ.

నేనే చూసిన. రెండో కట్ట కోసినంక.
చెప్పాలా, ఊకోవాలా అని
బొత్తాల మీద చేతులు అట్లనే పెట్టి నిలబడ్డ.
తర్వాత చెప్పిన.
సారు తల పట్టుకున్నడు.
తొమ్మిది వేల కాగితాలు చెత్తకు.
ముందే ఎందుకు చెప్పలేదని నన్నే తిట్టిండు.

శుక్రవారం సజా క్యాంపుల,
పన్నెండో నంబరు రూముల,
నేల మీద నదిని పరిచినం.
ఐలయ్య, షఫీకుల్, గుల్‌జమాన్, నేను.
కోట మీద పప్పు గిన్నె, పడవ మీద రొట్టెలు,
ద్రాక్షతోటల చేప ముండ్లు.
'ఈ ఎర్రది ఏంది?' అన్నడు గుల్‌జమాన్, నీడ మీద వేలు పెట్టి.
షర్బత్ అన్న.
ఐలయ్యకు మెతుకు గొంతుల అడ్డంపడ్డది,
నవ్వీ నవ్వీ కండ్లల్ల నీళ్లు.

లైటార్పినంక పైమంచం మీదికెళ్లి అడిగిండు:
'అన్నా, ఆ నదిల కూడా మన గోదారి లెక్క
ఎండకాలం ఇసుక తేలుతదా?'

బ్రోచర్ల ఎండకాలం లేదురా అన్న.
ఉంటే,
బొమ్మ తీసినోడు దాన్ని అంచుకు నెట్టి ఉంటడు,
ఆ మూడు మిల్లీమీటర్లలోకి.
నేనే కోసి ఉంట.